సర్పి అంటే పాము కాదు సార్, అరవై ఏళ్ళ కింద వచ్చిన ఆటలమ్మే

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది ఎమ్మిగనూరు. బస్టాండుకి దగ్గర్లో చిన్న మెడికల్ షాపు ఉంది, పంతొమ్మిదేళ్ళుగా నడుపుతున్నా. పొద్దున నేను షటర్ ఎత్తేలోపే మీ పేపరు మెట్టు మీద పడి ఉంటుంది, టీ తాగుతూ చదివితేగానీ రోజు మొదలు కాదు. పోయిన ఆదివారం ఆరోగ్యం పేజీలో ఇమ్యూనిటీ పెంచుకోవడం ఎలా అని ఒకటి వేశారు, పసుపు పాలు, తులసి, ఉసిరికాయ అన్నీ రాశారు, సరే అవి తింటే నష్టమేం లేదు. కానీ దాని కిందే చిన్న బాక్సులో సర్పికి, అదే డాక్టర్లు షింగిల్స్ అంటారే దానికి, ఇంటి వైద్యం అని నాలుగు లైన్లు వేశారు చూడండి, వేపాకు నూరి పట్టేయండి, వారం పది రోజుల్లో అదే తగ్గిపోతుంది అని. అది చదివినాక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు సార్. అట్లాంటి మాటలే వినే మా నాయన పదకొండు నెలలుగా చొక్కా వేసుకోలేకున్నాడు.

మా నాయన నేతగాడు. డెబ్బై ఒక్క ఏళ్ళు. షుగరు పన్నెండేళ్ళుగా ఉంది. పోయినేడు ఉగాదికి ముందు ఒక రోజు రాత్రి ఎడమ పక్క రొమ్ము కింద మంట, పోటు అన్నాడు. మేము గుండె అనుకుని భయపడి ఆటోలో తీసకపోయి ఈసీజీ తీయిస్తే ఏం లేదు, గ్యాస్ అన్నారు, ఇంటికొచ్చినాం. మూడో రోజు పొద్దున అమ్మ వీపు రుద్దబోయి చూస్తే వెన్నుపూస దగ్గర నుంచి చంక కింద మీదుగా ముందు వైపుకి ఒక బెత్తెడు వెడల్పున ఎర్రగా, దాని మీద నీటి పొక్కులు గుత్తులు గుత్తులుగా. సరిగ్గా రొమ్ము మధ్యలోకి వచ్చి ఆగిపోయింది, స్కేలు పెట్టి గీత గీసినట్టు, ఆ పక్క ఒక్క పొక్కు లేదు. అమ్మ చూసిన వెంటనే చెప్పింది సర్పి అని. ఆమెకి డాక్టర్లకన్నా ముందే తెలిసింది, దానికి దండం పెట్టాల. కానీ ఆ తర్వాత ఏం చేసినాం అంటే, పక్క ఊర్లో మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసకపోయినాం, ఎర్రమన్ను పూసినాడు, పత్యం చెప్పినాడు. నేనేమో షాపులోంచి ఒక ఆయింట్‌మెంట్ ట్యూబు తెచ్చి ఇచ్చినా. పొక్కులు కనపడిన ఆరో రోజుకి నొప్పి తట్టుకోలేక డాక్టరు దగ్గరికి పోతే ఆయన పొక్కులు చూసి అడిగిన మొదటి మాట, ఎన్ని రోజులైంది? ఆరు అన్నాం. ఆయన ఏం తిట్టలేదు, మూడు రోజుల్లోపు వచ్చింటే బాగుండేదమ్మా అని మాత్రం అన్నాడు.

పొక్కులు మూడు వారాల్లో ఎండిపోయినాయి, మీ పేపర్లో రాసిన వారం పది రోజుల్లో కాదు. నొప్పి మాత్రం పోలేదు. పొక్కులు మానినాక కూడా మూడు నెలలు దాటి ఉండే ఈ నొప్పికి డాక్టర్లు వేరే పేరు పెట్టుకున్నారు, నరం దెబ్బతిని వచ్చే నొప్పి అది. మామూలు నొప్పి మాత్ర దానికి ఆనదు. బనీను గుడ్డ తగిలితే నిప్పు అంటుకున్నట్టు ఉంటుంది అంటాడు, ఫ్యాను గాలి తగిలినా అంతే. మగ్గం గుంతలో కాళ్ళు దించి కూర్చుంటాడు, నాడె తాడు లాగబోతే ఎడమ పక్క పట్టేస్తుంది, అట్లనే చెయ్యి వదిలేసి పడుగు వైపు చూస్తా ఉంటాడు. యాభై ఏళ్ళు ఆ గుంతలో కూర్చున్న మనిషి.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, సర్పి అంటే ఏందో తెలియక మేము ఆ మూడు రోజులు పోగొట్టుకున్నాం. మందులు అమ్మే నాకే తెలీదు. మా అన్న కూతురు మైక్రోబయాలజీ పీజీ చేస్తోంది, అది సెలవులకి వచ్చినప్పుడు తాత దగ్గర కూర్చుని, చిన్నాయనా ఇది బయట నుంచి వచ్చింది కాదు, తాత చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మే ఇది, అప్పుడు తగ్గింది కానీ పోలేదు, అరవై ఏళ్ళు వెన్నులోనే ఉండింది అని చెప్తే నేను నమ్మలేదు. తర్వాత రోజూ షాపులో రాత్రి పూట కూర్చుని చదివినా, తెలీని చోట దానికి ఫోన్ చేసి అడిగినా. అర్థమైనంత వరకు రాస్తున్నా, మీకు వీలైతే వేయండి.

ఆటలమ్మ తెచ్చే వైరస్సు, సర్పి తెచ్చే వైరస్సు ఒక్కటే. చిన్నప్పుడు ఒళ్ళంతా పొక్కులు పోసి వేపాకు స్నానం చేయించి తలకు పోసినాక అందరం అయిపోయింది అనుకుంటాం. కానీ ఆ వైరస్సు చర్మం నుంచి నరాల వెంట వెనక్కి పోయి వెన్నుపూస పక్కన నరాల ముడులు ఉంటాయి కదా, అక్కడ నరం కణాల లోపల దూరి పడుకుంటుంది. పెరగదు, ఏమీ చేయదు, దాని పత్రాలు, అంటే దాని జన్యువులు, మాత్రం అక్కడ భద్రంగా ఉంటాయి అనుకోండి. ఏ ముడిలో లేస్తే ఆ నరం పోయే దారిలోనే పొక్కులు వస్తాయి. ఒక్కో నరం ఒళ్ళు సగానికే, ఎడమకో కుడికో పోతుంది, అందుకే రొమ్ము మధ్యలో గీత గీసినట్టు ఆగింది. మన పక్క ఒక మాట ఉంది, సర్పి చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే మనిషి బతకడు అని. మా అమ్మ రోజూ దారంతో కొలిచేది ఇంకెంత దూరం ఉంది అని, ఆ భయంతో ఆమె అన్నం కూడా తినలేదు. అది మామూలుగా కలవదు సార్, నరం దారే అంత. ఆ ఒక్క ముక్క చెప్పే వాళ్ళు లేక ఎన్ని ఇళ్ళల్లో ఇట్లా కొలుస్తున్నారో.

ఈ సంగతి మొదట గట్టిగా చెప్పింది పెద్ద యూనివర్సిటీ ప్రొఫెసరు కాదట. ఇంగ్లండులో సైరెన్‌సెస్టర్ అనే ఊర్లో హోప్-సింప్సన్ అని ఒక మామూలు ఫ్యామిలీ డాక్టరు. తన దగ్గరికి 16 ఏళ్ళలో వచ్చిన సర్పి కేసులు, 192, ఒక్కొక్కటీ వయసుతో సహా రాసి పెట్టుకున్నాడు. వయసు పెరిగే కొద్దీ కేసులు పెరగడం చూసి, వైరస్సు లోపలే పడుకుని ఉంటుంది, ఒంటికి దాని మీద ఉండే పట్టు ఏళ్ళ తరబడి మెల్లగా సడలుతుంది, ఒక స్థాయి కంటే కిందికి పడినప్పుడు లేస్తుంది అని 1965లో రాసినాడు. ఆ పట్టు ఏందో అప్పటికి సరిగా తెలీదు. ఒక చిన్న ఊరి డాక్టరు నోటు బుక్కు పెట్టుకుని చూస్తే ఎంత తెలుస్తుందో చూడండి.

ఆ పట్టు పేరే టీ సెల్స్. రక్తంలో తెల్ల కణాల్లో ఒక రకం. రొమ్ము ఎముక వెనకాల థైమస్ అని ఒక గ్రంథి ఉంటుంది, అక్కడ తయారై వస్తాయి కాబట్టి ఆ పేరు. ఆ గ్రంథి దేనికో 1961 దాకా ఎవరికీ తెలీదు, లండన్‌లో జాక్ మిల్లర్ అనే ఆయన పుట్టిన ఎలుక పిల్లలకి దాన్ని తీసేసి చూస్తే అవి రోగాలకి ఆగలేకపోయినాయి, అప్పుడు తెలిసింది. పిల్లల్లో పెద్దగా ఉండే ఆ గ్రంథి వయసు వచ్చే కొద్దీ కరిగి కొవ్వు అయిపోతుంది. అంటే డెబ్బై ఏళ్ళ మనిషికి కొత్త టీ సెల్స్ రావడం చాలా తక్కువ, ఎప్పుడో చిన్నప్పుడు ఆటలమ్మని చూసి గుర్తు పెట్టుకున్న పాతవే కాపలా కాయాల.

యాంటీబాడీలు అని మనకి కరోనా టైములో బాగా అలవాటైంది మాట, అందరూ టెస్ట్ చేయించుకుని నాకింత ఉంది నీకెంత ఉంది అని చెప్పుకున్నారు. సర్పి విషయంలో ఆ లెక్క పనికిరాదు. సర్పి వచ్చిన ముసలోళ్ళ రక్తంలో ఆటలమ్మ యాంటీబాడీలు ఉంటాయి, అయినా వస్తుంది. ఇంకో వైపు చూస్తే, పుట్టుకతోనే యాంటీబాడీలు తయారు కాని పిల్లలు కొందరు ఉంటారు, వాళ్ళకి ఆటలమ్మ వస్తే మామూలుగానే తగ్గుతుంది. టీ సెల్స్ లేని పిల్లలకి అదే ఆటలమ్మ వస్తే ప్రాణం మీదికి వస్తుంది. యాంటీబాడీ బయట తిరిగే వైరస్సుని పట్టుకోగలదు గానీ కణం లోపల దూరి కూర్చున్న దాన్ని ఏం చేయలేదు, లోపలున్న దాన్ని కనిపెట్టేది టీ సెల్లే.

ఎట్లా కనిపెడుతుంది అంటే నాకు బాగా నచ్చింది ఇది. మన ఒంట్లో దాదాపు ప్రతి కణం తన లోపల ఏం తయారవుతోందో వాటి ముక్కలు కొన్ని తీసుకొచ్చి పైన అంటించి చూపిస్తుందట. మనం వాకిట్లో పడేసిన తొక్కలు చూసి పక్కింటావిడ ఈరోజు మీ ఇంట్లో వంకాయ కూరనా అని అడుగుతుంది చూడండి, అట్లా టీ సెల్ వాకిలి చూసి లోపల దొంగ ఉన్నాడని చెప్పేస్తుంది. అది కూడా ఎవరి ఇంటి వాకిలి వాళ్ళ టీ సెల్లే గుర్తు పడుతుంది, మామూలుగా వేరే మనిషివి పనికిరావు. ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రాలో డోహర్టీ, జింకర్‌నాగెల్ అనే ఇద్దరు 1970ల మొదట్లో ఇది కనుక్కున్నారు, 1996లో నోబెల్ ఇచ్చారు. ఈ వైరస్సులు కూడా తక్కువవి కాదు. సర్పి వైరస్సుకి పెదవి మీద పుండు తెచ్చే హెర్పిస్ అని ఒక చుట్టం ఉంది, అది ఆ ముక్కలు బయటికి పోయే తూముకే గుడ్డ కుక్కుతుంది, వాకిట్లో ఏమీ కనపడకుండా. ఆటలమ్మ వైరస్సు అయితే ఇంకా గడుసుది, మొదట ఒంట్లోకి వచ్చినప్పుడు టీ సెల్స్‌లోకే దూరి వాటి మీద ఎక్కి చర్మం దాకా పోతుంది. కాపలావాడి బండి మీదే దొంగ ఊర్లోకి వచ్చినట్టు.

ఇక్కడ నాకొక సందేహం వచ్చింది. కనిపెట్టినప్పుడు ఆ కణాన్ని చంపేస్తే పోతుంది కదా, అరవై ఏళ్ళు కాపలా ఎందుకు? మా అన్న కూతుర్ని అడిగితే అది అడిగిందీ, చిన్నాయనా, మన చేనులో బుడ్డల (వేరుశెనక్కాయల) కోసం అడవిపందులు వస్తే నువ్వేం చేస్తావ్ అని. మంచె మీద కూర్చుని డబ్బా కొడతాం, లైటు వేస్తాం, తరుముతాం. పంది దూరిందని చేనుకే నిప్పు పెట్టుకుంటామా? చర్మం కణం పోతే ఇంకోటి వస్తుంది, నరం కణం పోతే మళ్ళీ రాదు. అందుకే నరాల ముడుల్లో టీ సెల్స్ చంపకుండా కాపలా కాస్తాయి. హెర్పిస్ వైరస్సు ఉన్న ఎలుకల్లో ఇది చూశారు, టీ సెల్స్ నరం కణాల చుట్టూ చేరి కూర్చుని, వైరస్సు లేవడానికి మొదట తయారు చేసుకునే ప్రోటీన్‌ని ఒక ఎంజైముతో కత్తిరించేస్తాయి, నరం కణానికి ఏమీ కాదు. 2008లో పిట్స్‌బర్గ్ వాళ్ళు ఈ పని బయటపెట్టారు. లేవబోయిన ప్రతిసారీ తల మీద ఒకటి వేసి పడుకోబెట్టడం అన్నమాట. పంది చావదు, చేను పాడవదు, కానీ మంచె మీద మనిషి ఒక్క రాత్రి నిద్రపోతే అయిపోయింది.

ఇట్లా లోపల కాపురం పెట్టే హెర్పిస్ జాతి వైరస్సులు మనుషుల్లో ఎనిమిదో తొమ్మిదో ఉన్నాయి, లెక్కపెట్టే పద్ధతిని బట్టి. ఎవరో తప్పు చేసిన వాళ్ళకి వచ్చేవి కావివి, మీకూ నాకూ అందరికీ రెండు మూడు ఉండే ఉంటాయి. పెద్దవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ఎప్‌స్టీన్-బార్ అనేది ఉంటుంది. సైటోమెగలో అని ఇంకోటి మన దేశంలో పెద్దయ్యేసరికి దాదాపు అందరికీ వచ్చేసి ఉంటుంది, మనకి తెలీను కూడా తెలీదు. ఆ ఒక్క వైరస్సుని అదుపులో పెట్టడానికే, అది ఉన్నవాళ్ళలో జ్ఞాపకం ఉన్న టీ సెల్స్‌లో సగటున పదో వంతు పని చేస్తుంటాయని లెక్క తేల్చారు. ఊర్లో పది మంది కాపలావాళ్ళుంటే ఒకడు జీవితాంతం ఒకే ఇంటి ముందు నిలబడ్డట్టు. మా షాపుకి కిడ్నీ మార్పిడి చేయించుకున్న ఒకాయన వస్తాడు, కొత్త కిడ్నీని ఒళ్ళు తోసేయకుండా టీ సెల్స్‌ని అణిచే మాత్రలు వాడతాడు, దాంతో పాటు ఆ సైటోమెగలో లేవకుండా మొదటి నెలల్లో ఖరీదైన మాత్రలు వేరే వాడాల్సి వచ్చింది. నేను అన్నేళ్ళు ఆ రెండు మందులూ ఒకే కవర్లో పెట్టి ఇచ్చినా గానీ ఎందుకో ఆలోచించలేదు.

ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్న వాళ్ళకి ఈ కాపలా మొత్తం పోతుంది కదా, అప్పుడు రోగితో ఆ వాకిలి గుర్తులు కలిసే దాత నుంచి ఆ సైటోమెగలో వైరస్సుని గుర్తుపట్టే టీ సెల్స్‌ని తీసి, ల్యాబులో పెంచి, రోగికి ఎక్కించి చూశారు, అమెరికాలో సియాటిల్‌లో 1990ల మొదట్లో. పని చేసింది. వైరస్సుని పట్టి ఉంచేది టీ సెల్లే అనడానికి ఇంతకన్నా ఏం కావాల.

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తా. ఈ కాపలా ఎందుకు సడలుతుంది? వయసు ఒకటి, దానికి ఎవరేం చేయలేం. షుగరు ఉంటే సర్పి వచ్చే అవకాశం ఎక్కువ. క్యాన్సర్ మందులు. హెచ్ఐవీ అయితే నేరుగా సీడీ ఫోర్ అనే టీ సెల్స్‌నే తినేస్తుంది, మామూలుగా ఒక మైక్రోలీటరు రక్తంలో 500 పైన ఉండేవి మందు వాడకపోతే 200 లోపుకి పడిపోతాయి, అందుకే ముప్పై ఏళ్ళ కుర్రోడికి సర్పి వస్తే డాక్టరు ఆ టెస్ట్ రాస్తే అవమానం అనుకోకుండా చేయించుకోవాల, మందులు ఫ్రీగా ఇస్తున్నారు, వాడితే ఆ లెక్క మళ్ళీ పెరుగుతుంది.

ఇంకోటి స్టెరాయిడ్లు. దీని గురించి నాకు కడుపు మంట సార్. నాయనకి మోకాళ్ళ నొప్పులు. నేను షాపులో ఉన్నప్పుడు తెలీకుండా ఒకచోట నొప్పులకని చిన్న చిన్న తెల్ల మాత్రలు తెచ్చుకునేవాడు, స్ట్రిప్పు ఉండదు, పేరు ఉండదు, కాగితంలో మడిచి ఇస్తారు. వేసుకున్న రోజు జింకలాగా నడిచేవాడు, ఆకలి బాగా వేసేది, మొహం కొంచెం ఉబ్బింది, మేమందరం ఒళ్ళు చేసినాడు అనుకున్నాం. దిండు కింద ఆ కాగితం పొట్లం దొరికినాక అడిగితే ఐదారు నెలలుగా వేసుకుంటున్నా అన్నాడు. చూసిన వెంటనే నాకు తెలిసిపోయింది అవేంటో. స్టెరాయిడ్ టీ సెల్స్‌ని అణుస్తుంది, దాని పనే అది, అందుకే వాపు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది. షుగరు కూడా పెంచుతుంది. అంటే మంచె మీద మనిషికి రోజూ మత్తు పెట్టినట్టు. 2021లో కరోనా తర్వాత బ్లాక్ ఫంగస్ చూశాం కదా, అప్పుడు కూడా షుగరు, స్టెరాయిడ్ రెండూ కలిసే కొంప ముంచినాయి. డాక్టరు ఆయాసానికో కీళ్ళవాతానికో లెక్క ప్రకారం రాసిన స్టెరాయిడ్ వేరు, దాన్ని ఈ ఉత్తరం చదివి ఆపేయొద్దు, నెలల తరబడి వాడుతున్నది టక్కున ఆపితే ప్రాణానికే ప్రమాదం, డాక్టరు చెప్పినట్టు మెల్లగానే తగ్గించుకోవాల. నేను మాట్లాడేది కాగితం పొట్లం గురించి. నా తోటి మెడికల్ షాపుల వాళ్ళకి కూడా దండం పెట్టి చెప్తున్నా, చీటీ లేకుండా ఆ మాత్రలు ఇవ్వొద్దు.

మంత్రం వేసే ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన దగ్గరికి పోయిన వాళ్ళకి తగ్గుతోంది, నిజమే. పొక్కులు లేచినాక ఒంట్లో టీ సెల్స్ మేల్కొని మళ్ళీ పెరిగి పోట్లాడుతాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో పొక్కులు మానుతాయి, మంత్రం వేసినా వేయకపోయినా. కానీ అంతలోపల నరానికి జరగాల్సిన దెబ్బ జరిగిపోతుంది. ఆ దెబ్బ తగ్గించడానికి ఇచ్చేదే మొదటి మూడు రోజుల మందు. కావాలంటే మంత్రం వేయించుకోండి, పోయేటప్పుడు దారిలో డాక్టరుకి చూపించి పోండి.

ఆ మందు ఎసైక్లోవిర్, లేకపోతే దాని జాతివే ఇంకా రెండు ఉన్నాయి. గెర్ట్రూడ్ ఎలియన్ అనే ఆవిడ బృందం చేసింది, ఆవిడకి 1988లో నోబెల్ వచ్చింది, పీహెచ్‌డీ కూడా లేదట. దాని గొప్పతనం ఏందంటే వైరస్సు దూరి పెరుగుతున్న కణంలో మాత్రమే పని మొదలుపెడుతుంది, వైరస్సు తయారు చేసే ఎంజైమే దాన్ని మందుగా మారుస్తుంది. అందుకే పడుకున్న వైరస్సుని అది ముట్టుకోలేదు, లేచి పెరిగేటప్పుడే పని చేస్తుంది, పెరగడం అయిపోయినాక ఇస్తే పెద్దగా లాభం లేదు. 72 గంటలు అని అందుకే అంటారు. పొక్కు కనపడిన గంట నుంచి లెక్క. రోజుకి ఐదుసార్లు వేసుకోవాల మాత్ర, మన ముసలోళ్ళు పొద్దున రాత్రి రెండు వేసుకుని మిగతావి దాచిపెడతారు. నేనిప్పుడు కవర్ మీద ఐదు గుండ్రాలు గీసి ఆరు, పది, రెండు, ఆరు, పది అని రాసి ఇస్తున్నా, వేసుకున్న గుండ్రం కొట్టేసుకోమని చెప్తున్నా. కిడ్నీ బాగాలేని వాళ్ళకి డోసు తగ్గించాల కాబట్టి డాక్టరు చీటీ లేకుండా మాత్రం ఇవ్వను. ఇంక ట్యూబులో వచ్చే ఆయింట్‌మెంట్ సర్పికి పెద్దగా చేసేదేం లేదు. పంతొమ్మిదేళ్ళలో నేను ఎంత మందికి ఆ ట్యూబు ఇచ్చి ఇంటికి పంపించినానో తలుచుకుంటే బాధేస్తుంది. నాయనకి కూడా అదే ఇచ్చినా కదా.

నుదుటి మీద, కన్ను పక్కన వస్తే, ముఖ్యంగా ముక్కు కొన మీద పొక్కు కనపడితే మూడు రోజులు కూడా ఆగొద్దు, కన్ను పోయే ప్రమాదం ఉంది, ఆ రోజే కంటి డాక్టరుకి చూపించాల. చెవిలో వచ్చి మూతి వంకర పోయినా అంతే. ఇంట్లో ఆటలమ్మ రాని కడుపుతో ఉన్న ఆడపిల్లో పసిబిడ్డో ఉంటే పొక్కులు ఎండేదాకా దూరం పెట్టండి, సర్పి నీళ్ళు తగిలితే వాళ్ళకి సర్పి రాదు గానీ ఆటలమ్మ వస్తుంది. పొక్కుల మీద శుభ్రమైన గుడ్డ కప్పి ఉంచాల.

టీకా కూడా ఉంది సార్, చాలా మందికి తెలీదు. 2006లో ఒకటి వచ్చింది, బలహీనం చేసిన వైరస్సుతో, అది సగం మందిలోనే ఆపగలిగింది, ముసలితనం పెరిగే కొద్దీ ఇంకా తక్కువ. 2017లో అమెరికాలో షింగ్రిక్స్ అని ఇంకోటి వచ్చింది, మన దేశంలోకి 2023లో, యాభై దాటిన వాళ్ళకి, రెండు డోసులు. ఇందులో వైరస్సే ఉండదు, దాని పైన ఉండే ఒక్క ప్రోటీను, దాంతో పాటు టీ సెల్స్‌ని తట్టి లేపే పదార్థం. ఆ పదార్థంలో ఒకటి చిలీ దేశంలో పెరిగే ఒక చెట్టు బెరడులోంచి తీస్తారు, మన కుంకుడుకాయలో నురగ వచ్చే పదార్థం ఉంటుంది కదా, ఆ జాతిది. పెద్ద ట్రయల్‌లో యాభై దాటిన వాళ్ళలో నూటికి 97 పాళ్ళు సర్పిని ఆపింది, డెబ్బై దాటిన వాళ్ళలో కూడా తొంభై దగ్గర. ముసలి ఒంట్లో పాత కాపలావాళ్ళని మళ్ళీ నిద్ర లేపవచ్చు అని దాంతో తేలింది. కానీ ఒక్కో డోసు వేలల్లో ఉంది. మగ్గం నేసే ఇంట్లో, కూలికి పోయే ఇంట్లో ఎవరు వేయించుకోగలరు? బిడ్డలకి టీకాలు ఫ్రీగా వేసినట్టు షుగరున్న ముసలోళ్ళకి దీన్ని కూడా ప్రభుత్వం ఇస్తే బాగుంటుందని నా కోరిక, అది పెద్ద ఖర్చని తెలుసు, కానీ ఒక పని చేసే మనిషి ఏడాది పాటు చొక్కా తొడుక్కోలేక ఇంట్లో కూర్చుంటే అయ్యే ఖర్చు కూడా ఎవరైనా లెక్క వేయాల. అది అయ్యేదాకా కనీసం ప్రతి పీహెచ్‌సీలో ఎసైక్లోవిర్ మాత్రలు ఎప్పుడూ ఉండేటట్టు చూడమని, బీపీ షుగరు చూడటానికి ఇంటింటికీ వచ్చే ఆశా అక్కలకి, ఏఎన్ఎంలకి, ఒంటి ఒక పక్కనే పొక్కులు కనపడితే అదే రోజు పంపించమని చెప్పమని అడుగుతున్నా. అమెరికా లెక్కల్లో ముగ్గురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకసారి సర్పి వస్తుందట. మన ఊర్లో ఎవరూ లెక్క రాయడం లేదు. నేను ఉగాది నుంచి ఒక లాంగ్ నోట్‌బుక్కు పెట్టినా, షాపుకి సర్పి అని వచ్చిన వాళ్ళు ఎన్నో రోజున వచ్చినారు, వయసెంత, షుగరుందా, నొప్పి మాత్రలు వాడుతున్నారా అని, పేర్లు లేకుండా.

మీ ఆరోగ్యం పేజీ మా పక్క చాలా మంది నమ్ముతారు, కత్తిరించి బీరువా తలుపు లోపల అంటించుకునే వాళ్ళున్నారు. కాబట్టి నా విన్నపం ఒక్కటే, పోయిన ఆదివారం వేసిన ఆ బాక్సు ఎంత సైజు ఉందో అంత సైజులోనే, అదే చోట, ఒంటికి ఒక పక్క మాత్రమే మంటతో పొక్కులు లేస్తే మూడు రోజుల్లోపు డాక్టరుకి చూపించండి, పేరు లేని నొప్పి మాత్రలు వాడుతుంటే ఆ సంగతి కూడా ఆయనకి చెప్పండి అని ఇంకొకసారి వేయండి సార్. వేసిన రోజు దాన్ని కత్తిరించి నా కౌంటరు అద్దం కింద పెట్టుకుంటా, ఆయింట్‌మెంట్ ట్యూబు అడిగిన వాళ్ళకి ముందు అది చదివి వినిపిస్తా.

ఇట్లు,
మీ పేపరు పాఠకుడు, మెడికల్ షాపు నడిపే ఒక నేతగాడి కొడుకు,
ఎమ్మిగనూరు, కర్నూలు జిల్లా.